షిల్లాంగు దాకా పోయిన బెల్లం ముద్ద

మా సారు ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు మేఘాలయ పాఠం చెప్పాడు. మ్యాపులో ఆ మూలన బెత్తం ఆనించి, "ఇక్కడ కురిసినంత వాన ఇంకెక్కడా కురవదు" అనేవాడు. ఆ వానలో తానెప్పుడూ తడవలేదన్న బెంగ మాత్రం రిటైరయ్యాకే బయటపడింది. మా సారు అంటే మా ఆయనే. జూలూరుపాడులో అందరూ ఆయన్ను సారూ అని పిలుస్తుంటే నాకూ అదే అలవాటైంది. కోపం వచ్చినప్పుడు కూడా సారూ అనే అంటాను. అప్పుడు ఆ పిలుపు వేరుగా వినిపిస్తుందని ఆయన ఫిర్యాదు.

దసరా పోయాక షిల్లాంగు ప్రయాణం పెట్టుకున్నాం. ఆయనకు అక్కడి మ్యూజియంలు చూడాలి, వానలో తడవాలి. నాకు మిరపతోటా కుట్టుమిషనూ కనపడని చోట నాలుగు రోజులు కూర్చోవాలి. వెళ్లొచ్చిన దగ్గర్నుంచి అందరూ అక్కడేముందని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇది రాస్తున్నాను.

అక్కడ ఏ దేవుడు?

మా వైపు రైలెక్కి అంత దూరం పోయేవాళ్లు దేవుడి దగ్గరికే పోతారు. అందుకని షిల్లాంగు అనగానే పక్కింటి పుల్లమ్మ అడిగిన మొదటి మాట, "అక్కడ ఏ దేవుడు?"

"దేవుడి కోసం కాదు పుల్లమ్మా, మ్యూజియం చూసేటందుకు."

"అంటే?"

"పాత సామాన్లు అద్దాల పెట్టెల్లో పెడతరు."

"పాత సామాన్లు మా అటక మీద బొచ్చెడున్నయ్. రా, ఊకెనే చూపెడత. కిరాయిలు పెట్టుకొని గంత దూరం పోవుడేంది?"

ఇలాంటి మాటలు పడుతూ బట్టలు సర్దుకుంటుంటే, ప్రయాణం రేపనగా మా రాజమ్మ వదిన ఏన్కూరు నుంచి బస్సులో దిగింది. రాజమ్మ మా సారుకు అక్క. ఆమె చేతిలో పసుపు బట్టలో కట్టిన బెల్లం ముద్ద ఉంది. కొబ్బరికాయకు రెండింతలు ఉంటుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా అడవి అంచు ఊళ్లలో గుట్ట మీది తల్లికి బెల్లమే మొక్కు. ఆ తల్లికి గుడి ఉండదు. ఒక రాయో, చెట్టు మొదలో, చుట్టూ గాలి, అంతే. ఎవరైనా గుట్టకు పోతున్నారంటే, పోలేనివాళ్లు వాళ్ల చేతికి తమ బెల్లం ఇచ్చి పంపుతారు. మోసుకుపోయినవాళ్లు తిరిగి వచ్చేటప్పుడు ఆ తావు నుంచి ఏదో ఒకటి, ఒక ఆకో చిటికెడు మట్టో, తెచ్చివ్వాలి. అది తేకపోతే మొక్కు సగమే తీరినట్టు.

"వదినా, మేం పోయేది గట్లాంటి గుట్ట కాదు," అన్నాను.

"షిల్లాంగు గుట్ట మీద ఉందా లేదా?"

"అవ్, ఉంది."

"గుట్ట ఉన్నంక తల్లి లేకుండ ఉంటదా? ఏం మాటలు మాట్లాడుతవ్ సరోజా! గుడి గట్టిన కాడ ఇయ్యకు. పూజారి చేతికి అసలే ఇయ్యకు. గాలికి కూసున్న తల్లిని చూసి ఆమె ముంగట పెట్టు. వచ్చేటప్పుడు ఆకో మన్నో తే. మౌనిక కొంగుకు కడత."

మౌనిక పేరు వచ్చాక నేనిక కాదనలేను. మౌనిక వదిన కూతురు. అప్పటికి ఏడో నెల. అంతకుముందు ఒక కాన్పు ఐదో నెలలోనే పోయింది. రెండోసారి బిడ్డ పుట్టింది గానీ ఏడవలేదు. ఆ రోజు ఖమ్మం దవాఖానాలో వదిన పక్కన బెంచీ మీద నేనే ఉన్నాను. ఏడుపు వినపడుతుందేమోనని ఇద్దరం తలుపు వైపు చెవులు పెట్టి కూర్చున్నాం. ఆ తలుపు ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది. బెల్లం తీసుకుని సంచీలో పెట్టుకున్నాను.

చీమల రిజర్వేషన్

మా సారు రెండు గొడుగులు, రెండు రెయిన్‌కోట్లు, మోకాళ్ల దాకా వచ్చే బూట్లు తెచ్చాడు. నేను బెల్లం తెచ్చాను. రైల్లో ఎవరి సామాను వాళ్లే మోసుకోవాలని ఒప్పందం.

రెండో రోజు పొద్దున పై బెర్తు మీది జవాను దిగి, ఎంతో మర్యాదగా, "మేడం, మీ సంచీకి చీమలు కూడా రిజర్వేషన్ చేయించుకున్నట్టున్నాయి" అన్నాడు. చూస్తే కిటికీ నుంచి నా సంచీ దాకా నల్లటి బారు. కిందపెట్టిన సంచీని కొక్కేనికి తగిలించాను. చీమలు కొక్కెం ఎక్కాయి. ఒళ్లో పెట్టుకున్నాను. నన్ను ఎక్కాయి. చివరికి జవాను ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, అందులో పెట్టి మూత బిగించమన్నాడు. ఆయన భార్య కట్టిచ్చిన లడ్డూల డబ్బా అది. డబ్బా ఖాళీ చేసే బాధ్యత బోగీ అంతా పంచుకుంది. మా సారు రెండు లడ్డూలు తిని, పెళ్లయిన ఇన్నేళ్లకు నావల్ల ఒక లాభం కలిగిందన్నాడు.

ఇల్లరికం ఊరు

గువాహటిలో దిగి సుమో ఎక్కితే దారి పైకి పైకి పోతూనే ఉంటుంది. వక్కచెట్లు పోయి పైన్ చెట్లు వస్తాయి. ఎండ ఉంటుంది గానీ వేడి ఉండదు. మా సారు రెయిన్‌కోటు తొడుక్కుని ఆకాశం వంకే చూస్తూ కూర్చున్నాడు. మేఘాలయలో ఒక్క మేఘం లేదు. ఎవరో తనను మోసం చేసినట్టు డ్రైవరును అడిగాడు, "వాన ఎప్పుడు?" డ్రైవరు నవ్వి, "అయిపోయింది సార్, మీరు ఆలస్యంగా వచ్చారు" అన్నాడు.

మేం దిగింది ఒక పెద్దావిడ ఇంట్లో. మేడ మీద రెండు గదులు యాత్రికులకు ఇస్తుంది. ఆమెను కాంగ్ అని పిలవాలట. కాంగ్ అంటే అక్క. అది నాకు వెంటనే నచ్చింది, ఎందుకంటే మా వైపు కూడా పేరు తెలియని మనిషిని అక్కా అనే పిలుస్తాం. మేం మాట్లాడుకున్నదంతా హిందీలోనే. మాది హైదరాబాదు హిందీ, ఆమెది కొండ హిందీ. రెండింటికీ వ్యాకరణం లేదు కాబట్టి బాగా కుదిరింది.

లోపలికి రాగానే కాంగ్ ఒక చిన్న పళ్లెంలో తమలపాకు, సున్నం, పచ్చి వక్క పెట్టింది. దాన్ని క్వాయ్ అంటారు. మా దగ్గర తాంబూలం తిన్నాక ఇస్తారు, ఇక్కడ గడప దాటగానే ఇస్తారు. మా ఇంట్లో వక్క తినని పెళ్లి ఉందా అనుకుని మొత్తం నోట్లో వేసుకున్నాను. ఒక నిమిషంలో చెవులు వేడెక్కాయి. రెండో నిమిషంలో చెమట పట్టింది. స్వెట్టర్ తీశాను, శాలువా తీశాను, కిటికీ తీశాను. కాంగ్ కడుపు పట్టుకుని నవ్వి, చలికి ఇదే మా హీటరు అంది. మా సారు తన వక్కను మెల్లగా జేబులో వేసుకున్నాడు.

రాత్రి నల్ల నువ్వులు నూరి వేసిన కోడికూర పెట్టింది. మా ఇంట్లో నువ్వులు ఉండలకూ పొడికీ తప్ప కూరదాకా రావు. ఆ కూర చూడటానికి బొగ్గులా ఉంది, తింటే చెయ్యి కడుక్కోబుద్ధి కాలేదు. పెద్దాయన ఒకరు వడ్డిస్తూ అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆయన కాంగ్ భర్త. అక్కడ పెళ్లయ్యాక మగవాళ్లే ఆడవాళ్ల ఇంటికి వస్తారట. పిల్లలకు తల్లి ఇంటిపేరు. ఇల్లు చిన్నకూతురికి.

"అంటే అందరూ ఇల్లరికపు అల్లుళ్లేనా?" అన్నాడు మా సారు.

"అవ్. చూసి నేర్చుకోండ్రి," అన్నాను.

ఆ రాత్రి ఆయన కంచం ఆయనే కడిగాడు.

రాయి కదిలింది

మరునాడు పెద్ద మ్యూజియంకు పోయాం. చాలా అంతస్తులు. ఈశాన్యంలోని కొండ జాతుల బట్టలు, ఇళ్లు, పనిముట్లు, వాద్యాలు, అన్నీ ఉన్నాయి. లోపలికి పోగానే మా సారు మొదటి బోర్డు ముందు నిలబడి పై అక్షరం నుంచి కింది అక్షరం దాకా చదివాడు. తరవాత రెండో బోర్డు. పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఒక్కటీ వదలడు. మధ్యాహ్నానికి మేమింకా మొదటి అంతస్తులోనే ఉన్నాం.

నేను ముందుకు నడిచాను. వెదురు చాటలు, చేపలు పట్టే బుట్టలు, ఎండిన సొరకాయ బుర్రలు అద్దాల వెనక వరసగా ఉన్నాయి. పుల్లమ్మ అటక గుర్తొచ్చి నవ్వొచ్చింది. సొరకాయ బుర్రలయితే మా ఇంట్లోనూ ఉన్నాయి. వాటికి లైటు వేసి పెడితే ఇంత అందంగా ఉంటాయని తెలియదు.

ఒక మలుపు తిరగ్గానే నా కాళ్లు ఆగిపోయాయి. ఎదురుగా నిలబెట్టిన రాళ్లు. మనిషంత ఎత్తు రాళ్లు మూడు, వాటి ముందు బల్లలాంటి పరుపు రాయి. వెనక అడవి బొమ్మ. గుడి లేదు, పూజారి లేడు. వదిన చెప్పిన గుర్తులన్నీ సరిపోయాయి. గాలి మాత్రం లేదు, ఏసీ ఉంది. అది సరిపోతుందిలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ బెల్లం మోసి మోసి విసుగొచ్చింది కూడా.

చెప్పులు విడిచి, డబ్బా మూత తీసి, బెల్లం పరుపు రాయి మీద పెట్టి దండం పెట్టాను. మౌనిక పేరు, ఊరు చెప్పుకున్నాను. కళ్లు తెరిచేసరికి పక్కన తెల్లచీర కట్టుకున్న ఒక బెంగాలీ ముసలావిడ కూడా చేతులు జోడించి ఉంది. ఆమెకు ఏం తోచిందో, సంచీలోంచి అరటిపండు తీసి నా బెల్లం పక్కన పెట్టింది. ఆమె కొడుకూ కోడలూ దండం పెట్టారు. వాళ్ల వెనక ఇంకెవరో చెప్పులు విడుస్తున్నారు. నేను మొక్కు ముగించాలని వంగి పెద్ద రాయికి నుదురు ఆనించాను. రాయి టక్కుమంది. తరవాత మెల్లగా వెనక్కి వంగింది.

భయంతో రెండు చేతులా పట్టుకున్నాను. చాట ఎంత బరువుంటుందో అంతే ఉంది. అప్పుడొచ్చాడు గార్డు.

"అమ్మా, అది ఫైబరు. దేవుడు కాదు."

"నాకేం తెలుసు బాబూ, రాయిలాగే ఉంది."

"రాయిలాగే ఉండాలనే చేశారు. ఈ బెల్లం ఎవరిది? చీమలొస్తాయి. మీతో ఎవరొచ్చారు?"

నేను మా సారు వైపు చూపించాను. ఆయన ఒక బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, ఆ బోర్డులోకి ఇంకా లోతుగా దిగిపోయాడు. గార్డు పోయి భుజం తట్టాక, "అవును, నాతోనే వచ్చింది" అని ఫెయిలైన పిల్ల గురించి చెప్పినట్టు చెప్పాడు. తరవాత నా దగ్గరికి వచ్చి అక్కడున్న బోర్డు వినిపించేలా చదివాడు: ఇవి నిలువు రాళ్ల నమూనాలు, ముట్టుకోరాదు.

గార్డు మంచివాడు. బెల్లం డబ్బాలో పెట్టి ఇచ్చాడు. ముసలావిడ మాత్రం ఇచ్చిన పండు వెనక్కి తీసుకోనని తేల్చి చెప్పి ముందుకు పోయింది. మేం వచ్చేస్తుంటే గార్డు ఆ అరటిపండు చేత్తో పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడి ఉన్నాడు.

కాంగ్ నవ్వు ఆపింది

సాయంత్రం చెరువులో పడవ తొక్కాం, పెద్ద బజారు తిరిగాం. బజారంతా ఆడవాళ్ల రాజ్యమే. ఎండుచేపల వరస దగ్గర మా సంత వాసనే వచ్చింది. మిరపకాయలు ఎక్కడ కనిపించినా ధర అడగకుండా ఉండలేను కాబట్టి అడిగాను. మా ఖమ్మం మార్కెట్లో ఆ రేటు వస్తే రైతులు డప్పులు కొట్టిస్తారు. కానీ నా మనసు దేనిమీదా నిలవలేదు. మర్నాడు ఒక్కరోజే మిగిలింది, బెల్లం సంచీలోనే ఉంది.

రాత్రి కాంగ్‌కు మ్యూజియం సంగతి చెప్పాను. దగ్గు వచ్చేదాకా నవ్వింది. అసలు బెల్లం ఎందుకు తెచ్చానో చెప్పేసరికి నవ్వు ఆపేసింది. దగ్గరికి జరిగి నా చెయ్యి పట్టుకుంది. ఆమె మెడలో సన్నటి శిలువ గొలుసు ఉంది.

"మౌఫ్లాంగ్ పొండి," అంది. "అక్కడ మా పాతవాళ్లు కాపాడిన అడవి ఉంది. మేం చర్చికి పోయేవాళ్లమైనా ఆ అడవిలో పుల్ల విరవం. అక్కడి రాళ్లు ఫైబరు కాదు." తరవాత అడిగింది, "పిల్ల పేరేమిటి?"

"మౌనిక."

"మౌ-ని-కా," అని నాలుగైదుసార్లు అని నోటికి పట్టించుకుంది. "ఆదివారం మా చర్చిలో చెబుతాను."

సంచీలో పడ్డ ఆకు

పచ్చిక మైదానం మధ్యలో ఆ అడవి దానంతట అది మొలిచిన గోడలా ఉంది. లోపల సందె చీకటి, చెట్లకు కోటు తొడిగినట్టు నాచు. మా అడవిలో టేకాకులు తొక్కితే పెళపెళమంటాయి. ఇక్కడ అడుగు చప్పుడే లేదు. మా గైడు నడివయసు మనిషి, గళ్ల శాలువా కప్పుకున్నాడు. మొదటి అడుగులోనే నియమం చెప్పాడు.

"ఇక్కడి నుంచి ఏదీ బయటికి పోకూడదు. ఆకు, పువ్వు, గింజ, పుల్ల, రాయి, ఏదీ. తీసుకుపోయినవాళ్లకు మంచి జరగదు. ఎంతోమంది తిరిగి తెచ్చి ఇక్కడే పెట్టి పోయారు."

"మరి చెప్పులకు అంటిన మట్టి?" అన్నాడు మా సారు. పాఠాలు చెప్పే బుద్ధి ఎక్కడికి పోతుంది!

గైడు కూడా ఆలోచించాడు. "గడ్డికి తుడిచి పొండి."

ఇన్ని వేల గుట్టలుండగా, ఆకు ఇవ్వని గుట్టకే వచ్చిపడ్డాను. వదినకు ఏం చూపించాలి?

రాళ్ల దగ్గరికి వచ్చాం. నాచు పట్టిన నిలువు రాళ్లు, ముందు పరుపు రాయి. ముందుగా ఒక వేలితో నెట్టి చూశాను. కదల్లేదు. బెల్లం సంగతి చెప్పి అడిగితే గైడు, "పెట్టి దండం పెట్టుకోండి, కానీ వదిలి పోవద్దు. మీతో వచ్చింది మీతో పోవచ్చు, ఇక్కడిది ఇక్కడే ఉండాలి" అన్నాడు. పసుపు బట్ట విప్పి బెల్లం పెట్టాను. ఈసారి ఊరూ పేరూ చెప్పలేదు, "బిడ్డ ఏడవాలి" అని ఒక్కమాటే అనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు చినుకులు మొదలయ్యాయి. మా సారు రెండు గొడుగులూ చేతిలో పెట్టుకుని ఒక్కటీ విప్పలేదు. తల పైకెత్తి, కళ్లజోడు తీసి, అలా నిలబడిపోయాడు. మా చేలో పడే జల్లుకంటే చిన్నదే, నాలుగు మాటలు ఆడేలోపే ఆగిపోయింది. ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది. "పాఠం కరెక్టే," అన్నాడు.

బెల్లం తీసి డబ్బాలో పెడుతూ చూస్తే తెరిచి ఉన్న సంచీలో ఒక ఆకు. తడిసిన చిన్న ఆకు, పై కొమ్మ నుంచి పడింది. గైడు ముందుకు నడిచాడు. మా సారు కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. నేను తెంపలేదు, అడగలేదు. దానంతట అదే వచ్చింది. సంచీ మూస్తే చాలు, వదినకు మొక్కు పూర్తవుతుంది. సంచీ జిప్పు పట్టుకుని అలాగే కూర్చున్నాను.

"ఏం చేస్తున్నవ్?" అన్నాడు మా సారు. ఆకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు. బోర్డులన్నీ చదివే మనిషి, తుడిచిన కళ్లజోడునే తీసి మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

ఆకు తీసి పరుపు రాయి మీద పెట్టాను. మంచితనంతో కాదు, భయంతో. రేపు మౌనికకు ఏమన్నా అయితే ఈ ఆకు వల్లే అనుకుంటూ నేను బతకలేను. ముగ్గురం తలా కొంచెం బెల్లం తిన్నాం. బయటికి వచ్చాక చెప్పులు గడ్డికి ఎంతసేపు తుడిచామో, గైడే చాలు చాలని ఆపాడు.

ఏన్కూరు

వదిన వాకిట్లోనే కూర్చుని ఉంది. మౌనిక పక్కన కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుంది. "ఏం తెచ్చినవ్?" అంది వదిన, నేను చెప్పులు విడవకముందే. పసుపు బట్ట ఇచ్చాను. విప్పి చూసి ముఖం మార్చింది.

"గిది నేనిచ్చిన బెల్లమే గదనే!"

"అవ్ వదినా. తల్లి ముంగట పెట్టి తెచ్చిన."

"మరి ఆకు?"

మా సారు అప్పటికే లోపలికి పోయి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అంతా నేనే చెప్పుకోవాల్సి వచ్చింది, ఫైబరు రాయి ఒక్కటి తప్ప.

"ఆకు గూడ ఇయ్యదా?"

"ఇయ్యదు వదినా."

"మన్ను?"

"చెప్పులు తుడుచుకొని వచ్చినం."

"ఎవరన్న పట్టుకపోతే?"

"మళ్ల తెచ్చి అక్కడనే పెట్టిపోతరంట."

వదిన తిట్టడానికి మాటలు కూడబెట్టుకుంటోందనుకున్నాను. ఆమె మౌనిక కడుపు వంక చూస్తోంది.

"అయితే గట్టి తల్లే," అంది. "తన తావున ఆకునే పోనియ్యనిది, పిల్లను పోనిస్తదా?"

బెల్లం చిన్న ముక్క విరిచి మౌనిక నోట్లో పెట్టింది. ఇంకో ముక్క ఆమె కొంగున ముడివేసింది. "చీమలొస్తయే అమ్మా," అంది మౌనిక. "రానియ్యి, అవి గూడ చూసిపోతయ్," అంది వదిన.

సంక్రాంతి ముగ్గులింకా మొదలు కాకముందే ఒక మధ్యాహ్నం ఖమ్మం దవాఖానా నుంచి వదిన ఫోను వచ్చింది. మేం భోజనం దగ్గర ఉన్నాం. ఎత్తగానే వదిన గొంతు వినపడలేదు. వేరే ఏదో అరుపు వినపడింది. సన్నగా, కోపంగా, ఊపిరి తీసుకోవడానికి ఆగి మళ్లీ మొదలవుతోంది.

"ఏడుస్తున్నది సరోజా!" అంది వదిన, తనూ ఏడుస్తూ. "ఆడపిల్ల! ఇంకా ఏడుస్తనే ఉన్నది, ఇను!"

మా సారు ఎంగిలిచేత్తోనే వచ్చి ఫోనుకు చెవి ఆనించాడు. వదిన ఫోను పెట్టెయ్యలేదు. మేమూ పెట్టెయ్యలేదు. కంచాల్లో అన్నం చల్లారిపోయేదాకా ఇద్దరం అలా వింటూ నిలబడ్డాం.